కెనడా ప్రయాణం సెప్టెంబరులో, చిట్టీ ఆఖరి వాయిదా ఏప్రిల్‌లో

బెంగళూరు మహదేవపుర వైపు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. పుట్టిల్లు ప్రొద్దుటూరు, అత్తవారిల్లు హిందూపురం. పెళ్ళయిన దగ్గర నుంచీ బెంగళూరులోనే ఉన్నారు, మూడో తరగతి చదివే పాప ఉంది. భర్త పదకొండేళ్ళుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు. ఈమె సాయంత్రాలు ఇంట్లో నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతారు. ఆయనకు కెనడాలో ఉద్యోగం ఖాయమైంది, ముగ్గురికీ పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కూడా వచ్చింది. సెప్టెంబరు చివర్లో బయల్దేరాలని ఆయన, దసరా చేసుకుని వెళ్ళమని అత్తగారు. ఉత్తరం రాసింది జులై రెండో వారంలో. అప్పటికి టికెట్లు తీయలేదు.

అసలు చిక్కు ఇది. ఇల్లు అద్దెది, నెలకు 28,000. ఓనరు దగ్గర 2 లక్షలు అడ్వాన్సు ఉంది. పదకొండు నెలల అగ్రిమెంటు గడువు తీరి రెండేళ్ళయినా మళ్ళీ రాసుకోలేదు. ఓనరు ఆంటీ తెలుగే మాట్లాడుతుంది, పండక్కి పాపకు గౌను కొంటుంది, అందుకే డబ్బు మాట ఎత్తాలంటే ఈమెకు మొహమాటం. మూడో అంతస్తులో ఉండే ఒక అక్క నడిపే చిట్టీలో ఉన్నారు: ఇరవై మంది, నెలకు 20,000, మొత్తం 4 లక్షల చిట్టీ. ఆరో నెలలోనే పాడి ఎత్తేశారు. పదకొండు వాయిదాలు కట్టారు, ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఎత్తినప్పుడు ప్రామిసరీ నోటు మీద హామీ సంతకం పెట్టింది ఎదురు ఫ్లాట్ అమ్మాయి. ఆయనకు రెండు క్రెడిట్ కార్డుల మీద 1,80,000 బాకీ ఉంది. ఈమె అక్క భర్త ప్రొద్దుటూరులో తీసుకున్న వ్యాపార లోనుకు ఆయన గ్యారంటీ సంతకం పెట్టారు. ఏపీ నంబరు కారు ఒకటి ఉంది, దాన్ని మరిది అడుగుతున్నాడు. ఇవి కాక కరెంటు, గ్యాస్, నెట్, స్కూలు ఫీజు, ఎల్ఐసీ.

"టికెట్లు చేతికొచ్చే దాకా ఎవరికీ చెప్పొద్దంటాడు మా ఆయన. ఒకటి దిష్టి, రెండోది, చెప్పగానే అందరూ ఒకేసారి డబ్బులకు వస్తారని. కార్డుల సంగతి అడిగితే, అక్కడికొచ్చి వసూలు చేస్తారా అంటాడు, వాళ్ళ ఫ్రెండ్ ఎవరో అలాగే వెళ్ళిపోయాడట. గట్టిగా అడిగితే ముందు మీ బావ లోను సంగతి చూడు అంటాడు. ఎదురింటి అమ్మాయి రోజూ వచ్చి, ఈసారి బొమ్మల కొలువుకు ఏం పెడదాం అక్కా అని అడుగుతోంది. ఏది కట్టాలి, ఏది వదిలేయొచ్చు, ఎవరికి ఎప్పుడు చెప్పాలి?" ఇది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో బాకీల పట్టిక ఒకటిన్నర పేజీ ఉంది, ఎదురింటి అమ్మాయి గురించి రెండు పేజీలు ఉంది. ఏది మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదో దాన్నిబట్టే తెలుస్తోంది. అందుకని పట్టికను మీరు రాసిన వరసలో చూడను. ప్రతి దాని దగ్గరా ఒకటే అడుగుతాను: మీరు విమానం ఎక్కాక ఇది కట్టకపోతే ఎవరి తలుపు తడతారు?

మా చిన్నాన్న దుబాయ్ వెళ్ళేటప్పుడు పాల బాకీ మర్చిపోయాడు. ఎంతో నాకు గుర్తులేదు, పెద్ద మొత్తం కాదు. పాలాయన ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. కానీ ఆయన సైకిల్ బెల్లు వినపడగానే మా నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. చిన్నాన్నకు ఆ సంగతే తెలియదు.

చిట్టీ సంగతి ముందు చూద్దాం. మీరు సెప్టెంబరు వాయిదా కూడా కట్టి వెళ్తారనుకుంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు వాయిదాలు మిగులుతాయి. డివిడెండ్, అంటే పాటలో మిగిలి నెలనెలా అందరికీ పంచే తగ్గింపు, తీయకుండా చూస్తే 1,40,000. మీ ఆయన రేపు ఒక మాట అనొచ్చు, ఇప్పుడే జవాబు చెప్పేస్తాను. ఇది రిజిస్టరు కాని చిట్టీ, 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా నడపకూడదు, కాబట్టి ఎవరూ మనల్ని ఏమీ చేయలేరు అని. మొదటి రెండు మాటలూ నిజమే. కానీ నోటు మీద సంతకం ఆ అమ్మాయిది. చిట్టీ చెల్లుతుందా లేదా అన్నది ఎక్కడో ఎప్పుడో తేలేలోపు, ఆ అమ్మాయి గుమ్మం ముందు గొడవ జరిగి ముగిసిపోతుంది కూడా. పైగా మీరు ఆరో నెలలో డబ్బు తీసుకుని వాడుకున్నారు. ఇంకా పాడనివాళ్ళు మీ వాయిదాల మీద ఆశ పెట్టుకుని ఉన్నారు.

దారులు మూడున్నాయి. ఒకటి, వెళ్ళేముందే మిగతా వాయిదాలన్నీ ఒకేసారి కట్టి, నోటు వెనక్కి తీసుకుని చింపేయడం. అక్క దగ్గర కూర్చుని, ముందే కడుతున్నాం కాబట్టి రాబోయే డివిడెండ్ ఎంతో కొంత అంచనా వేసి తగ్గించమని అడగొచ్చు. అది అడగడంలో సిగ్గేమీ లేదు, ఒప్పుకోవాలని నియమమూ లేదు. రెండు, మీ నాన్నగారి చేతో తమ్ముడి చేతో నెలనెలా కట్టించడం. చేతిలో డబ్బు మిగులుతుంది, కానీ ఆ అమ్మాయి హామీ ఏప్రిల్ దాకా అలాగే ఉంటుంది. అలా చేయదలిస్తే ఆమెను తప్పించి మీ ఇంటివాళ్ళ సంతకంతో కొత్త నోటు రాయించండి. మూడు, మీ వాయిదాల బాధ్యత ఇంకొకరికి అప్పగించడం. ఎత్తేసిన చిట్టీని ఊరికే ఎవరూ నెత్తికెత్తుకోరు, కాబట్టి ఇది మాటవరసకే. నాకు మొదటి దారే నచ్చుతుంది. డబ్బు సర్దుబాటు కాకపోతే రెండోది కూడా మర్యాదైన దారే, ఆ అమ్మాయి పేరు నోటు మీద నుంచి పోయినంత వరకు.

ఇక క్రెడిట్ కార్డులు. మీ ఆయన ఫ్రెండ్ వెళ్ళిపోయి ఉండొచ్చు. అతని గురించి మీకు తెలిసింది అతను చెప్పిన సగమే. ఇంటికొచ్చిన ఫోన్ల సంగతి ఎవరూ చెప్పుకోరు. కార్డు బాకీ మీద వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం దాకా పడుతుంది. మూడున్నర వేసుకుంటే 1,80,000 మీద నెలకు 6,300, దానిమీద జీఎస్టీ వేరు. వసూలుకు వచ్చేవాళ్ళు కెనడా రారు, నిజమే. కార్డు తీసుకున్నప్పుడు పర్మనెంట్ అడ్రస్ దగ్గర ఏం రాశారో ఆయన్ని అడగండి. హిందూపురం ఇల్లే అయి ఉంటుంది. తలుపు తీసేది మామగారు. అప్పులు ఎలా కట్టారో చూసి వేసే సిబిల్ స్కోరు పడిపోవడం వీటిలో చిన్న నష్టం. ఎప్పుడో వెనక్కి వచ్చి ఇల్లు కొందామంటే తప్ప అది గుర్తురాదు.

అయితే ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. పరాయి దేశంలో మొదటి మూడు నెలలు చేతిలో డబ్బు ఉండాలి. దానికి మొత్తం ఎగ్గొట్టడం ఒక్కటే మార్గం కాదు. బాకీని ఈఎంఐల కింద మార్చమని అడిగితే వడ్డీ బాగా తగ్గుతుంది, అక్కడి నుంచే నెలనెలా కట్టొచ్చు. ఆటో డెబిట్ పెడితే మాత్రం ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే నెలనెలా తీసుకోమని బ్యాంకుకు ఇచ్చిన మాండేట్ డబ్బుల్లేక తిరిగొస్తే చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టే వీలుంది. ఎంతోకొంత కట్టి సెటిల్‌మెంట్ చేసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే, రికార్డులో 'సెటిల్డ్' అని పడుతుందని, అది పూర్తిగా కట్టేస్తే పడే 'క్లోజ్డ్' లాంటిది కాదని గుర్తుంచుకోండి. పూర్తిగా కట్టేస్తే కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 చొప్పున మీకే కట్టాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ మాట మెయిల్‌లో ఒక్కసారి రాస్తే చాలు, పని చకచకా జరుగుతుంది.

డబ్బు ఎక్కడిదంటారా. చిట్టీకి 1,40,000, కార్డులకు 1,80,000, కలిపి 3,20,000. రావాల్సినవి కూడా రాసుకోండి, మీ ఉత్తరంలో ఆ పేజీయే లేదు. అడ్వాన్సు 2 లక్షలు. పదకొండేళ్ళు ఒకే కంపెనీ కాబట్టి ఆయనకు గ్రాట్యుటీ వస్తుంది: ముఖ్యంగా ఆఖరి బేసిక్, డీఏ మీద ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన, నెలను 26 రోజులుగా తీసుకుని. రాజీనామా తర్వాత ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. మిగిలిన సెలవుల డబ్బు, కారు డబ్బు, గ్యాస్ డిపాజిట్ ఉన్నాయి. పీఎఫ్ ఉంది. విదేశంలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు పీఎఫ్ మొత్తం తీసుకోవచ్చు, అయిదేళ్ళు దాటిన సర్వీసు కాబట్టి దానిమీద పన్ను పడదు. కానీ బాకీలకని పీఎఫ్ ముట్టుకోవద్దు, ముందు పై డబ్బుతో సరిపోతుందేమో చూడండి. పీఎఫ్‌లో పెన్షన్ భాగం మాత్రం పదేళ్ళు దాటింది కాబట్టి చేతికి రాదు, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకుంటే వయసొచ్చాక పెన్షన్ వస్తుంది. తీసినా తీయకపోయినా, కంపెనీవాళ్ళు పీఎఫ్ రికార్డులో ఆయన మానేసిన తేదీ ఎక్కించారో లేదో ఇక్కడ ఉండగానే చూసుకోండి. అది లేక అక్కడి నుంచి మెయిళ్ళు పెడుతూ కూర్చున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

అడ్వాన్సు దగ్గర మీ మొహమాటం నాకు అర్థమవుతుంది. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలు. ఇప్పటికీ అయిదారు నెలలది అడుగుతూనే ఉన్నారు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో రెండు నెలలకు మించకూడదని ఉంది, కానీ అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, మీ ఓనరు ముందు పనికిరాదు. ఆంటీ మంచిదే కావచ్చు. అయినా ఆ 2 లక్షలు ఆమె బీరువాలో లేవు. కొత్తగా వచ్చేవాళ్ళ అడ్వాన్సు తీసుకునే మీది ఇస్తుంది, ఊళ్ళో చాలామంది ఓనర్లు చేసేది అదే. అందుకే ఆఖరి నిమిషం దాకా చెప్పకపోవడం వల్ల నష్టపోయేది మీరే. సెప్టెంబరు 25న చెబితే ఆమె ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు.

పాత అగ్రిమెంటు బయటికి తీసి నోటీసు ఎన్ని నెలలని రాశారో చూడండి. గడువు తీరినా ఇద్దరూ అదే పద్ధతిలో నడుస్తున్నారు కాబట్టి మాట్లాడుకోవడానికి ఆ కాగితమే ఆధారం. రెండు నెలలని ఉంటే జులై చివరికల్లా చెప్పాలి. నోటితో చెప్పి, ఆ సాయంత్రమే వాట్సాప్‌లో, "ఆంటీ, పొద్దున చెప్పినట్టు సెప్టెంబరు ఆఖరుకు ఖాళీ చేస్తున్నాం" అని ఒక్క లైను పంపండి. ఆమె 'ఓకే' అంటే చాలు. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలు, దానికి పోట్లాడకండి. అంతకు మించి పట్టుకుంటే అడగండి. గోడలు, కుళాయిలు, వంటగది అరలు ఇప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోండి.

కొందరు ఆఖరి రెండు నెలల అద్దె కట్టకుండా అడ్వాన్సులో తీసుకోమంటారు. అలా చేస్తే ఆమె దగ్గర ఉండిపోయేది 1,44,000కి తగ్గుతుంది, పెయింటింగ్ పోతే 1,16,000. మీకు ధైర్యం. కానీ ఆమె నొచ్చుకోవచ్చు, నొచ్చుకున్నాక ప్రతి మేకు కంతా లెక్కలోకి వస్తుంది. చెప్పి ఒప్పించి చేస్తే వేరు, చెప్పకుండా అద్దె ఆపేస్తే వేరు. ఇంకోటి, కొత్తగా అద్దెకు వచ్చేవాళ్ళను మీరే వెతికి పెట్టండి. మీ ఏరియాలో ఇల్లు ఖాళీ అవుతోందని చెబితే నాలుగు రోజుల్లో పదిమంది వస్తారు. కానీ ఖాళీ చేస్తున్నారన్నది రహస్యంగా ఉంచితే ఆ పని ఎలా చేస్తారు?

గ్యారంటీ సంగతి కొంచెం కటువుగానే చెప్పాలి. బావగారి లోనుకు మీ ఆయన పెట్టిన సంతకం ఊరు మారితే చెరిగిపోదు. చట్టం దృష్టిలో హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. బ్యాంకు ముందు బావగారినే పట్టుకోవాలన్న నియమం కూడా లేదు. నేను మానుకుంటున్నాను అని ఉత్తరం రాసినంత మాత్రాన అయిపోదు. బావగారే ఇంకో హామీదారును చూపించి, బ్యాంకు ఒప్పుకుని రాతపూర్వకంగా విడుదల చేస్తేనే పోతుంది. వాయిదాలు సరిగ్గా కడుతున్నాడా అన్నది మొదట తెలుసుకోండి, లోను స్టేట్‌మెంట్ అడగండి. సరిగ్గా కడుతుంటే, ఇంకో ఏడాదీ రెండేళ్ళలో అయిపోయేదైతే, అలాగే వదిలేయడం కూడా ఒక నిర్ణయమే. కట్టడం లేదంటే ప్రయాణానికి ముందే మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకోవాలి, మగవాళ్ళిద్దరూ కాదు. తోడల్లుళ్ళు డబ్బు గురించి మాట్లాడుకుంటే అది పౌరుషం మాటల్లోకి పోతుంది.

అన్నట్టు, ఆయన కార్డుల సంగతి మీరు ఎత్తగానే ఆయన మీ బావ లోను ఎత్తుతున్నారు. చిట్టీ ఎవరిది అని అడిగితే ఏం చెబుతారు? ట్యూషన్ డబ్బుతో కట్టుకుంటున్నాను కాబట్టి నాది అన్నారు మీరు ఉత్తరంలో. ఎత్తిన డబ్బు పీఆర్ ఫీజులకు పోయిందని తర్వాతి పేజీలో మీరే రాశారు. మీవి, మావి అని విడదీయడం మానేసి, అన్నీ ఒకే కాగితం మీద రాసి ఇద్దరూ ఒక రాత్రి కూర్చోండి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీకు దారులు ఇవ్వను, ఇది చేయక తప్పదు.

కారుకు మీరు రాసినదానికంటే సులువైన దారే ఉంది. ఏపీ నంబరు కాబట్టి బెంగళూరులో అమ్మితే అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్ఓసీ) తేవాలి, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషను, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ పడతాయి, కొనేవాడు అదంతా ధరలో కోసేస్తాడు. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిరిగితే నంబరు మార్పించుకోవాలన్న నియమం ఒకటుంది, అది మీరు ఎప్పుడో దాటేశారు. మరిదికే ఇవ్వండి. అమ్మినా, ఊరికే ఇచ్చినా పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీ అతని పేరు మీదకు మారిన కాపీ చేతికొచ్చాకే బయల్దేరండి. "ముందు వాడుకోనీ, పేరు తర్వాత మార్చుకుందాం" అన్నది మన ఇళ్ళల్లో మామూలే. బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉంటే ప్రమాదానికి వాళ్ళే ఓనరు కింద లెక్క అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇన్సూరెన్సు పేరు కూడా పధ్నాలుగు రోజుల్లో మార్పించాలి. ఫాస్టాగ్ మూసేయండి, లేకపోతే మరిది తిరుపతి వెళ్ళిన ప్రతిసారీ టోలు మీ ఆయన ఖాతాలో పడుతుంది. బెంగళూరు కెమెరాల్లో పడిన చలాన్లు ఏమైనా ఉంటే ఇప్పుడే కట్టేయండి.

మిగతా ఇంటి బిల్లులు నిజానికి ఒక శనివారం పని. ఖాళీ చేసే రోజు కరెంటు మీటరు ఫోటో తీసి, చివరి బిల్లు కట్టి ఓనరుకు పంపండి. ఒకటి మాత్రం చాలామంది మర్చిపోతారు: గృహజ్యోతి కింద ఉచిత కరెంటుకు మీ ఆధార్‌తో నమోదు చేశారని రాశారు కదా. సేవా సింధు అనే కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ ఇంటి అకౌంట్ ఐడీ నుంచి మీ ఆధార్‌ను డీలింక్ చేయాలి. లేకపోతే ఆ ఇంట్లోకి వచ్చేవాళ్ళకు అది రాదు, వాళ్ళు ఆంటీని అడుగుతారు, ఆంటీ మీకు కెనడాకు ఫోన్ చేస్తుంది, మీకు అర్ధరాత్రి. గ్యాస్ బండ, రెగ్యులేటరు ఏజెన్సీలో తిరిగిచ్చి కనెక్షన్ సరెండర్ చేస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది, కనెక్షన్ ఇచ్చినప్పటి కాగితం వెతికిపెట్టుకోండి. నెట్ రూటరు ఇచ్చేసి రసీదు తీసుకోండి. అపార్ట్‌మెంటు అసోసియేషన్ దగ్గర మెయింటెనెన్స్ బాకీ లేదని రాయించుకోండి. స్కూల్లో టీసీతోపాటు పాప మార్కుల కాగితాలు, టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి. పాలు, పేపరు, ఇస్త్రీ ఆయన, పనిమనిషి: వీళ్ళ లెక్క బయల్దేరే రోజు పొద్దున కాదు, వారం ముందే చేయండి.

బ్యాంకులు, పన్ను దగ్గర భయం ఎక్కువ, పని తక్కువ. విదేశానికి వెళ్ళాలంటే అందరూ ఇన్‌కమ్ ట్యాక్స్ క్లియరెన్స్ తెచ్చుకోవాలని వాట్సాప్‌లో వచ్చిందన్నారు. అది నిజం కాదు. తీవ్రమైన ఆర్థిక అక్రమాల కేసు ఉన్నవాళ్ళకు, 10 లక్షలకు మించి పన్ను బకాయి ఉన్నవాళ్ళకు, అదీ అరుదుగా, అవసరం పడుతుందని 2024 ఆగస్టులో పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. పోయిన ఏడాది రిటర్ను జులై 31 లోపు వేసి, ముప్ఫై రోజుల్లో ఈ-వెరిఫై చేస్తే ప్రస్తుతానికి అయిపోయినట్టే.

ప్రయాణం తేదీకి మాత్రం పన్నుతో సంబంధం ఉంది. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్ళే మనవాళ్ళు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు ఉంటే పన్ను లెక్కలో రెసిడెంటు, అంతకంటే తక్కువైతే కాదు. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే సెప్టెంబరు 29కి 182 నిండుతాయి. అంటే 28లోపు బయటపడాలి. పెద్ద విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక ఎగురుతాయి కాబట్టి పాస్‌పోర్టు మీద ఏ తేదీ ముద్ర పడుతుందో చూసుకుని, ఒకటి రెండు రోజులు ముందుకే పెట్టుకోండి. దసరా అయ్యాక వెళ్తే ఆయన ఈ ఏడాదికి రెసిడెంటు, అక్కడి జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. కెనడాతో మనకు ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ కట్టిన పన్ను ఇక్కడ తగ్గిస్తారు. రెండుసార్లు కట్టేది ఉండదు గానీ ఫారాలు, ఆడిటర్ ఫీజు ఎక్కువవుతాయి. ఇంకో నెల అద్దె కూడా కట్టాలి. అంతవరకే నష్టం. అత్తగారి కోరిక కాదనడానికి పన్ను ఒక్కటే సాకుగా చాలదు. ఆవిడకు ఇది కొడుకుతో చేసుకునే ఆఖరి పండగలా అనిపిస్తూ ఉండొచ్చు. వినాయక చవితికి వారం రోజులు హిందూపురంలో ఉండి వస్తే ఆవిడ మెత్తబడవచ్చు, అది మీరే బాగా అంచనా వేయగలరు.

బ్యాంకు లెక్క వేరు. విదేశీ మారకానికి సంబంధించిన ఫెమా చట్టం ఇక్కడ రోజులు లెక్కపెట్టదు. ఉద్యోగానికని వెళ్ళిన నాటి నుంచే ఆయన నాన్ రెసిడెంటు, మామూలు సేవింగ్స్ ఖాతాలు ఎన్ఆర్ఓ కింద, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి డబ్బుకు పెట్టుకునే ఖాతాల కింద మార్చాలి. అక్కడి అడ్రస్ కాగితం కావాలి కాబట్టి చాలావరకు వెళ్ళాకే పూర్తవుతుంది, ఫారాలు, బ్రాంచి మెయిల్ ఐడీ ఇప్పుడే తెచ్చుకోండి. ఓనరు అడ్వాన్సు ఆలస్యంగా ఇచ్చినా, గ్రాట్యుటీ తర్వాత పడినా ఆ ఎన్ఆర్ఓ ఖాతాలోకే వేయించుకోవచ్చు, కార్డు ఈఎంఐలూ దాన్నుంచే పోతాయి. మూడు నాలుగు ఖాతాలు ఉంటే ఒకటి రెండు ఉంచి మిగతావి మూసేయండి. పీపీఎఫ్ ఉంటే పదిహేనేళ్ళ గడువు దాకా కొనసాగించొచ్చు, ఆ తర్వాత పొడిగించడం కుదరదు. ఏటీఎం కార్డు, పిన్ను మామగారికి ఇచ్చి వెళ్దామన్నారు, అది వద్దు. ఆయనతో జాయింట్‌గా ఎన్ఆర్ఓ పెట్టుకోవచ్చు, లేదా ఆయన ఖాతా నడిపేలా బ్యాంకులో అధికార పత్రం రాసివ్వచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోన్ నంబరు ఒక ఎత్తు. బ్యాంకు, పీఎఫ్, ఆధార్, ఇన్‌కమ్ ట్యాక్స్, అన్నిటి ఓటీపీలూ ఆ నంబరుకే వస్తాయి. పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ కట్టి ప్రీపెయిడ్‌కు మార్చండి, రోమింగ్ పనిచేస్తోందో లేదో ఇక్కడే అడిగి తెలుసుకోండి, రీఛార్జి మర్చిపోకండి. తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు పోవచ్చు, తర్వాత అది ఇంకెవరికో వెళ్తుంది. సిమ్ ఇంట్లో పెట్టి వెళ్ళి, ఓటీపీ కావాల్సినప్పుడల్లా మామగారిని నిద్రలేపి చదివించుకునేవాళ్ళను చూశాను. అది ఆయనకూ మంచిది కాదు, మీ డబ్బుకూ మంచిది కాదు.

ఇక ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది. మీ ఆయన రెండు కారణాలు చెప్పారు. దిష్టి గురించి నేను వాదించను, నిమ్మకాయలు మీకే బాగా తెలుసు. రెండోది, అందరూ ఒకేసారి డబ్బుకు వస్తారన్నది. ఎవరొస్తారో లెక్కపెట్టండి: చిట్టీ అక్క, కార్డు బ్యాంకులు. బ్యాంకులు మీ అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని కబుర్లు వినవు. అంటే రహస్యం దాచేది ఒక్క చిట్టీ అక్క దగ్గర, ఎదురింటి అమ్మాయి దగ్గర. వాళ్ళకు పాప స్కూలు టీసీ తీసుకున్న రోజునే తెలిసిపోతుంది. పాప మూడో తరగతి, విమానం గురించి ఎన్నాళ్ళు నోరు మూసుకుంటుంది? మీ నోట వింటే అది కబురు, ఇంకొకరి నోట వింటే పారిపోవడం.

మొదట మీ ఆయనతో ఆ కాగితం. తర్వాత ఎదురింటి అమ్మాయి, చిట్టీ అక్క కంటే ముందే, ఎందుకంటే సంతకం ఆమెది. ఏం చేయబోతున్నారో తేల్చుకున్నాకే వెళ్ళండి, 'వెళ్ళిపోతున్నాం' అని చెప్పి ఆగితే ఆ రాత్రి ఆమెకు కూడా నిద్ర పట్టదు. ఆ మర్నాడు ఇద్దరూ కలిసి మూడో అంతస్తుకు. తర్వాతే ఓనరు ఆంటీ, అదీ ఈ నెలాఖరు దాటకుండా. మామగారికి కార్డుల సంగతి చెప్పాలా వద్దా అన్నది, కట్టేస్తే అవసరం లేదు, ఈఎంఐలు పెడితే చెప్పాలి.

మూడో అంతస్తుకు వెళ్ళేటప్పుడు చిట్టీ పుస్తకం తీసుకెళ్ళండి. బొమ్మల కొలువు సంగతి ఆ అమ్మాయి మళ్ళీ అడుగుతుంది. మీ దగ్గరున్న బొమ్మల్లో కెనడాకు ఏవి తీసుకెళ్ళలేరో చూసుకుని ఉంటే, అవి ఆమెకే ఇవ్వొచ్చు.